పొయ్యి ఎత్తున గీసిన ఇల్లు

కుసకాబె గారి దగ్గర నా పని గోడలు గీయడం. గోడలు, మెట్లు, తలుపులు, చూరు మీంచి కారే వాన. మనుషుల్ని ఆయన గీసేవారు, దయ్యాలనూ ఆయనే గీసేవారు. ఆడపిల్లల మాసపత్రికలో ఆయన బొమ్మల కథ వచ్చిన నెలలో కొందరు పిల్లలు ఆ పేజీలకు గుండుసూదులు గుచ్చి మూసేసి మిగతా పత్రిక చదువుకునేవారట. అంతమందిని భయపెట్టిన మనిషి బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కి నిలబడి, "చిహారూ, నువ్వే ఏదో ఒకటి చెయ్యి తల్లీ!" అని కేకలు పెట్టేవారు.

అది 1971. టోక్యోలో నెరిమా వైపు ఆయన అద్దె ఇంట్లో కిటికీ పక్క బల్ల ఆయనది, తలుపు పక్క బల్ల నాది. నాకు ఇరవై రెండేళ్లు.

ఆ వసంతంలో పత్రికవాళ్లు ఒక పోటీ పెట్టారు. మీరు చూసిన చోట్లలో అన్నిటికన్నా భయం వేసిన చోటు గీసి పంపండి, నచ్చితే కుసకాబె గారు కథలో వాడుకుంటారు అని. సంచుల కొద్దీ బొమ్మలొచ్చాయి. ముప్పాతిక వంతు బడి మరుగుదొడ్లు. మిగిలినవాటిలో సగం పళ్ల డాక్టరు గది.

"ఈ కాలం పిల్లలకి దయ్యాలంటే లెక్కలేదు. ఇంక నేను పళ్ల డాక్టర్ల కథలు గీసుకు బతకాలి," అన్నారు గురువుగారు.

ఆ కుప్పలోనే నాకు ఒక పోస్టుకార్డు కనిపించింది. పెన్సిలుతో గీసిన పాతకాలపు వంటిల్లు. మట్టినేల, రెండు నోళ్ల పొయ్యి, పక్కన రాతి నీళ్లతొట్టి. పైనుంచి దారాలకు కాగితపు బుడగలు వేలాడుతున్నాయి, గుండ్రంగా కాదు, నలుపలకలుగా. ఒక మూల ఒకదాని మీద ఒకటి పేర్చిన ఐదు బుట్టలు. బొమ్మలో దూరంగా, గుమ్మంలో ఒక ఆకారం నిలబడి ఉంది. నిలువెల్లా నీళ్లు కారుతున్నాయి. తల భుజాల దాకా దిగి మరీ పెద్దగా ఉంది, మొహం ఉండాల్సిన చోట ఉత్త నలుపు. దాని చేతిలో చిన్న తలలాంటిది వేలాడుతోంది. అందులోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

కార్డు వెనక పత్రిక చిరునామా, ఒకే ఒక్క వాక్యం: "వీలైతే ఈ ఇంటిని అచ్చు వేయండి." పేరు లేదు. తపాలా ముద్ర మాత్రం సకాతా ఊరిది, ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న రేవు.

నేను దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఆకారాన్ని కాదు, గోడల్ని. గోడలే కదా నా పని. గీతలన్నీ కలిసే చోటు ఎక్కడా అని స్కేలు పెట్టి లాగితే, అది పొయ్యి నోటి దగ్గర తేలింది. ఆ చోటు ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తునే ఉంటుంది, అంటే ఈ కన్ను అంత కిందనే ఉంది. నీళ్లతొట్టి అడుగుభాగం కనిపిస్తోంది. చెక్క అరల కింద మేకుల మొనలు కూడా కనిపిస్తున్నాయి.

"గురువుగారూ, ఇది గీసింది నేల మీద పడుకున్న మనిషన్నా అయ్యుండాలి, చిన్నపిల్లాడన్నా అయ్యుండాలి," అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశారు. "పిల్లాడా? ఈ గీత చూడు, ఒక్క చోట వణకలేదు. ఇరవయ్యేళ్లు చెయ్యి తిరిగినవాడు."

"చెయ్యి పెద్దవాడిదే. కన్ను పిల్లాడిది."

ఆయన కార్డు అందుకుని మళ్లీ చూశారు. తర్వాత, "నాకు ఒళ్లు జలదరించింది. జూన్ సంచికలో పెట్టేద్దాం," అన్నారు.

అలాగే పెట్టాం. ఇంటిని నేను ఉన్నదున్నట్టు దించాను, పొయ్యి ఎత్తు నుంచే. ఆకారాన్ని మాత్రం ఆయన మార్చారు. దాని చేతిలోని వస్తువుకు పొడుగాటి జుట్టు, తెరిచిన కళ్లు పెట్టి తెగిన తలగా చేశారు. సంపాదకుడు ఫోన్ చేసి ఎంత మెచ్చుకున్నాడో చెప్పలేను.

జూన్ చివర్లో సకాతా నుంచి రెండో కార్డు వచ్చింది. అదే ఇల్లు, ఈసారి ఎదురు గోడ. దాని మీద పేరూ లేదు, వాక్యమూ లేదు. వచ్చే నెలకు పనికొస్తుందని సొరుగులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత పది రోజులకు, జోరున వాన పడుతున్న పొద్దున్న, ఒకావిడ వచ్చింది. ముప్పై ఏడేళ్లుంటాయి. వంటపని చేసే చేతులు, ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సంచిలోంచి మైనపు గుడ్డలో చుట్టిన జూన్ సంచిక తీసి, పేజీ తెరిచి, కూర్చోకుండానే అడిగింది.

"ఈ ఇంటిని మీరెక్కడ చూశారు?"

గురువుగారు నవ్వారు. ఆయనకిలాంటివి అలవాటే. క్రితం ఏడాది ఒకావిడ వచ్చి తన అత్తగారిని దయ్యంగా గీశారని గొడవ పెట్టుకుంది, అత్తగారికి తెలిస్తే సంతోషిస్తుందని ఒక కాపీ కూడా అడిగి పట్టుకెళ్లింది.

"కథలో ఇల్లమ్మా అది. ఎక్కడా లేదు."

"లేదు, నిజమే. కాలిపోయింది. తొయామాలో మా ఇల్లది. ఇరవై ఆరేళ్లయింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. మీరు ఎప్పుడైనా తొయామా వచ్చి ఉన్నా, అప్పటికి ఆ ఇల్లు ఉండే అవకాశమే లేదు. అందుకే అడుగుతున్నాను, ఎక్కడ చూశారు?"

ఆవిడ పేరు మసుయో. కవాగుచిలో ఒక బడి వంటశాలలో పనిచేస్తుంది. పన్నెండేళ్ల కూతురు పత్రిక చదువుతుంటే వెనకనించి చూసిందట. "మా నాన్న ఊరూరా తిరిగి మందులమ్మేవాడు. ఆ ఐదు బుట్టలూ ఆయనవి. ఆ కాగితం బుడగలు మందు కొన్న ఇళ్లలో పిల్లలకి ఇచ్చేవి. నేనూ అమ్మా అంటించేవాళ్లం."

"తొయామాలో మందులమ్మేవాళ్ల ఇళ్లు చాలానే ఉండుంటాయి కదమ్మా," అన్నారు గురువుగారు మెత్తగా.

మసుయో గారు నా బల్ల మీద పెన్సిలు తీసుకుంది. "ఇందులో కనపడంది చెప్పనా? గీసినవాడి వీపు వెనకేముందో?" అని ఒక పాత కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. బొమ్మలు రాని చెయ్యి. వంకర టింకరగా ఒక బీరువా గీసి, దానికి చిన్న చిన్న సొరుగులు పెట్టింది. "మందుల బీరువా. పై వరసలో మూడో సొరుగు ఉండదు. మా తమ్ముడు లాగి విరగ్గొట్టాడు."

నా సొరుగు తెరిచి రెండో కార్డు తీసి ఆవిడ కాగితం పక్కన పెట్టాను. ఎదురు గోడ, మందుల బీరువా. పై వరసలో మూడో చోట నల్లటి ఖాళీ.

గురువుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, బొద్దింక లేకుండానే.

"తమ్ముడికి ఎన్నేళ్లు అప్పుడు?" అని అడిగాను.

"నాలుగు," అంది. అని కూర్చుండిపోయింది.

యుద్ధం ఆఖరి ఆగస్టులో, బాంబుల విమానాలొచ్చిన రాత్రి మామ్మ మసుయో చెయ్యి పట్టుకుని నది వైపు పరిగెత్తింది. "మీరు పదండి, వాణ్ణి తీసుకుని వచ్చేస్తా," అంది అమ్మ. రాలేదు. మూడో రోజు అమ్మ శవం దొరికింది, తమ్ముడు దొరకలేదు. నాన్న అంతకు ముందే యుద్ధంలో పోయాడు. ఆ తర్వాత ఎన్నేళ్లో, రేడియోలో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే వేళకు మసుయో గారు పనులు మానేసి కూర్చునేది. ఆ కార్యక్రమం కూడా ఎత్తేశారు. "అయినా ఆ టైముకి చెయ్యి ఆగిపోతుంది నాకు, ఇప్పటికీ," అంది.

మొదటి కార్డు అసలుది చూపించమని అడిగింది. గురువుగారు ఇవ్వడానికి తటపటాయించారు, గుమ్మంలో ఉన్న ఆకారం గుర్తొచ్చి. నేనే ఇచ్చాను.

ఆవిడ ఆ నల్లటి మొహాన్ని చూసింది. చేతిలో వేలాడుతున్నదాన్ని చూసింది. దాని కింద రెండు తాళ్లున్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నేను ఇల్లు దించేటప్పుడు అవి జుట్టేమో అనుకున్నాను.

"ఇది తల కాదు. ఇది నేను కుట్టాను," అంది.

యుద్ధం రోజుల్లో ఆడవాళ్లూ పిల్లలూ తలకు కట్టుకునే దూది ముసుగు అది. నిప్పురవ్వలు పడినా కాలకుండా నీళ్లలో ముంచి వేసుకునేవారు. పదకొండేళ్ల మసుయో బడిలో కుట్టుపని క్లాసులో అమ్మ పాత బట్టతో తమ్ముడి కోసం చిన్నది కుట్టింది. గుడ్డ చాలక ఒక తాడు పొట్టిదైంది. టీచరు తిట్టిందట.

గుమ్మంలో నిలబడింది దయ్యం కాదు. తన ముసుగు తడిపి వేసుకుని, కొడుకు ముసుగు తడిపి పట్టుకొచ్చిన తల్లి.

గురువుగారు జూన్ సంచిక మూసి, అట్ట మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తీయలేదు. "నేను దానికి కళ్లు పెట్టాను," అన్నారు చివరికి. "క్షమించమ్మా."

కార్డు వెనక చిరునామాను ఆయన వెలుగులో పెట్టి చూశారు. కొట్టొచ్చినట్టు నలుపలకల అక్షరాలు, దూరం నుంచి చదవడానికి రాసినట్టు. "ఇది కాగితం మీద రాసే చెయ్యి కాదు. పడవల మీద పేర్లు రాసేవాడి చెయ్యి. సకాతాలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? చిహారూ, నువ్వు ఈవిడతో వెళ్లు. గోడలు నేను గీసుకుంటా."

మర్నాడు పొద్దున్న ఉయెనోలో రైలెక్కాం. మసుయో గారు అన్నం ముద్దలు చేసి తెచ్చింది, ముగ్గురికి సరిపడా. నీగాతా దాటాక సముద్రం కనిపించింది. అప్పుడు ఆవిడ కిటికీ వైపు తిరిగే చెప్పింది.

"అమ్మ ఎక్కడ దొరికిందో మీ గురువుగారికి చెప్పలేదు. నీళ్లతొట్టి కింద. లోపలికంటా దూరి ఉంది. వాడు ఎప్పుడూ అక్కడే దాక్కునేవాడు. పక్కింటావిడ చెప్పింది, అమ్మ రెండుసార్లు సందులోకొచ్చి వాణ్ణి పిలిచిందట. తను చెయ్యి పట్టి లాగితే విదిలించుకుని మళ్లీ ఇంట్లోకెళ్లిందట. వాడింట్లో లేకుండా ఎటు పోయాడో ఇన్నేళ్లూ నాకు అర్థం కాలేదు. నిన్న ఆ బొమ్మ చూశాక తెలిసింది. అమ్మని చూసి జడుసుకుని పారిపోయాడు."

"చెప్తారా ఆయనకి?" అన్నాను.

"తెలీదు," అంది. ఒక అన్నం ముద్ద నా చేతిలో పెట్టింది.

రేవులో ఒకావిడ వల బాగుచేసుకుంటూ కూర్చుంది. పడవల మీద పేర్లు రాసే ఆయన ఎక్కడుంటారని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఇవావోనా? ఏం, సంబంధం చూడ్డానికొచ్చారా? చెయ్యి మంచిదే పిల్లా. మా ఆయన పడవ పేరు చూడు, మా ఆయన కంటే అందంగా ఉంటుంది. మనిషే నోరు విప్పడు. నువ్వు ఇద్దరి మాటలూ ఆడగలిగితే చేసుకో." అని సూదితోనే దారి చూపించింది.

ఒడ్డుకు లాగిన పడవ పక్కన, రెండు పీపాల మీద వేసిన పలక ఎక్కి ఒకాయన నల్లరంగుతో అక్షరాలు దిద్దుతున్నాడు. సన్నటి మెడ, మోచేతుల దాకా రంగు. మసుయో గారు పది అడుగుల దూరంలో ఆగిపోయింది. అక్కణ్నించే, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది.

"కచ్చాన్."

కుంచె ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. "ఆ పేరు ఎవరు చెప్పారు మీకు?"

"పై వరసలో మూడో సొరుగు విరగ్గొట్టిందెవరు?"

పడవల తాళ్లు కిర్రుమన్నాయి. తర్వాత ఆయన పడవ వైపే చూస్తూ, ఆ పలక మీదే మెల్లగా చతికిలబడ్డాడు.

"నేను కాదు. అదే ఊడొచ్చింది."

"అబద్ధాలకోరు వెధవా!" అంది మసుయో గారు. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. వెళ్లి ఆ రంగు చేతుల్ని పట్టుకుంది. ఆవిడ చీకట్లో తడుముకుంటున్నట్టు ఆయన మోచేతులు, భుజాలు, చెవులు తడిమింది. ఇద్దరి ఒంటికీ రంగు అయింది.

ఆయన గది పడవల షెడ్డు మీద ఉంది. గోడల నిండా ఆ ఇల్లే. పొయ్యి, బుట్టలు, బుడగలు, గుమ్మం. వందల బొమ్మలు, అన్నీ కిందనుంచి చూసినవే. తనెవరో ఆయనకు తెలియదు. ఎవరో ఆడమనిషి చంకనేసుకుని రైలెక్కించింది, దారిలో ఇంకెవరికో అప్పగించింది. ఆఖరికి సకాతాలో ఒక గుడివాళ్లు నడిపే పిల్లల ఇంటికి చేరాడు. పేరడిగితే కచ్చాన్ అన్నాడట. ఊరడిగితే "ఇల్లు" అన్నాడట. అక్కడివాళ్లు ఇవావో అని రాసుకున్నారు.

"మర్చిపోతానేమోనని గీసేవాణ్ణి. ఒక్కో ఏడు ఒక్కోటి చెరిగిపోయేది బుర్రలోంచి. మొన్న పోటీ అంటే, దేశమంతా చూస్తుంది కదా అని పంపాను," అన్నాడు.

"మరి పేరెందుకు రాయలేదండీ?" అన్నాను నేను.

"రాస్తే ఉత్తరం కోసం ఎదురుచూడాలి. రాకపోతే?" అని తలొంచుకున్నాడు.

టీ కాచి ఇచ్చాడు. మసుయో గారు గోడ మీద గుమ్మంలోని ఆకారం వైపే చూస్తోంది. ఆయన అది గమనించాడు.

"అదొక్కటే అర్థం కాదక్కా." అక్కా అనడం అదే మొదటిసారి. "తొట్టి కింద నిద్రపోతున్నా. కళ్లు తెరిస్తే అది. చెయ్యి చాపింది. నేను పెరటి గుమ్మంలోంచి పరిగెత్తా. ఇప్పటికీ కలలోకొస్తుంది. ఏంటది?"

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. ఇప్పుడు చెప్పకపోయినా తప్పు పట్టేవాళ్లు లేరు. నేనైతే చెప్పలేకపోయేదాన్నేమో.

"అది అమ్మరా," అంది. "నీ ముసుగు తడిపి తెచ్చింది నీకు కట్టడానికి. చేతిలో ఉంది చూడు, అది నేను కుట్టిందే. పొట్టి తాడు నాదే."

ఆయన లేచి గోడ దగ్గరికెళ్లాడు. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి ఆ చిన్న వస్తువును వేలితో తాకాడు. ఐదు, ఆరు, పది. తర్వాత గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

"నేను పారిపోకపోతే అమ్మ..."

"లేదు," అంది మసుయో గారు వెంటనే. "అమ్మ వీధి గుమ్మంలోనే దొరికింది. నువ్వలా బయటికి దూకావు, ఇలా చూరు పడింది. నిన్ను వెతకలేదు. వెతకాల్సిన పని లేకపోయింది. నువ్వు గడప దాటడం చూసింది, చూసే పోయింది. పక్కింటావిడ చెప్పింది."

ఆవిడ నా వైపు చూడలేదు. నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. రైల్లో విన్న మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ లేరు కనుక రాస్తున్నాను.

చాలాసేపటికి ఆయన ఇటు తిరిగి, చిన్నపిల్లాడిలా అడిగాడు. "అమ్మ మొహం ఎలా ఉండేదక్కా?"

మసుయో గారు నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. "గుండ్రంగా... కాదు. ఉండు. ఇక్కడ పుట్టుమచ్చ ఉండేది." అని చెంప మీద వేలు పెట్టుకుంది, తీసి ఇంకో చెంప మీద పెట్టుకుంది. అంతటి ఆవిడా అప్పుడే ఏడ్చింది, అమ్మ చావు చెప్పినప్పుడు కాదు.

కుసకాబె గారు ఆ కథ పుస్తకంగా వచ్చేటప్పుడు ఆ పేజీలన్నీ మళ్లీ గీశారు. ఆకారం చిన్న ముసుగును గడప మీద పెట్టి వెళ్లిపోతుంది. "దయ్యం ఊరికే వెళ్లిపోతే ఎవడికండీ భయం?" అని సంపాదకుడు మొత్తుకున్నాడు. "నాకు భయమేసింది, చాలు," అన్నారు ఈయన.

మసుయో గారు ఏటా శరదృతువులో సకాతా వెళ్లేది. కొన్నేళ్లు తోడుగా నేనూ వెళ్లాను. వెళ్లిన రోజు ఇద్దరూ చేప కాల్చుకు తినేవారు, పడవల పేర్ల గురించి పోట్లాడుకునేవారు. మర్నాడు తమ్ముడు కాగితం తీసేవాడు. అక్క చెప్పేది, తమ్ముడు గీసేవాడు. కనుబొమలు ఇంకా సన్నం. గడ్డం అంత కోసు కాదు. చెవులు నీ చెవుల్లా, కాస్త ఇవతలికి. ఏ బొమ్మ చూపించినా ఆవిడ తల అడ్డంగా ఊపేది. "ఎవరో పక్కింటామెలా ఉంది." ఆయన విసుక్కునేవాడు కాదు. కొత్త కాగితం తీసుకునేవాడు.

నేను చివరిసారి వెళ్లినప్పుడు ఆవిడకు అరవై దాటాయి. అమ్మ పోయేనాటికి ముప్పై రెండు. ఆ ఏడు ఆయన గీసిన బొమ్మను ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"ఇది నేను కదరా! ముసలి మొహం వేశావు."

"నువ్వెదురుగా కూర్చుంటే ఇంకెవరొస్తారు?"

"మొహం వదిలెయ్. మెడ చూడు," అని కాగితం నా వైపు తిప్పింది. "మెడ అమ్మదే. చిహారూ, ఇదిగో ఈ పల్లం. వంగి పొయ్యి ఊదేటప్పుడు ఇక్కడ చెమట ఆగేది. ఈ మెడ మాత్రం చెరపకు కచ్చాన్. మిగతాది మళ్లీ గియ్యి. ఈసారి పళ్లు కనపడనీ, ఊరికే నవ్వేది అమ్మ."

ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు. మొహాన్ని రబ్బరుతో మెల్లగా తుడిచి, మెడ దగ్గర ఆగి, కాగితం మీద పడ్డ పొట్టు ఊదేశాడు. ఆవిడ ముందుకు వంగి, "పై పెదవి నుంచి మొదలుపెట్టు," అంది.